విప్పదగిన సొంతది, కొనదగిన పాతది

2016వ సంవత్సరమున రాయల్ ఎన్‌ఫీల్డు సంస్థ హిమాలయన్ అను పేరుతో 411 ఘన సెంటీమీటర్ల మోటారు సైకిలును విపణిలోనికి తెచ్చినప్పుడు, బుల్లెటు బండి వెనుక చక్రమునకు ఇరుప్రక్కల నిలిచియుండు రెండు షాకబ్జర్లను చూచుటకే అలవాటుపడిన కన్నులకు, ఆసనము క్రింద నడుమ నెక్కడనో దాగి, కొన్ని లంకెల ద్వారా చక్రముతో సంబంధము నెరపు ఒంటి షాకబ్జరు వింతగానే కనబడినది; ఆ సంస్థవారి బండ్లలో అట్టి యమరిక గలది అదియే మొదటిది. ఆ తొలినాళ్ళలో కొన్నవారి బండ్లకు ఇప్పుడు పదేండ్ల ప్రాయము వచ్చినది. 2023లో 450 నమూనా వచ్చుటతో 411 తప్పుకొన్నది. కావున, కొండదారులమీదను, నల్లరేగడి బాటలమీదను, అంతకంటె కఠినములైన మన పట్టణ వీధులమీదను పదేండ్లు శ్రమించిన ఆ ఒంటి షాకబ్జరు అలసిపోయినప్పుడు ఏమి చేయవలయునను ప్రశ్న నేడు ఎందరికో ఎదురగుచున్నది. నేనిచ్చట హిమాలయన్‌ను ఉదాహరణముగా గ్రహించినను, ఒంటి షాకబ్జరు గల ఏ బండికైనను విచారణ యిదియే.

లక్షణములు అందరికిని తెలిసినవే. స్పీడ్‌బ్రేకరు దాటిన పిమ్మట బండి వెనుకభాగము ఒక్కసారి లేచి కుదుటపడుటకు మారుగా రెండు మూడు పర్యాయములు ఊగును. నిగనిగలాడవలసిన కడ్డీమీద ధూళితో కలిసిన నల్లని నూనెచార కనబడును. వెనుక నొకరిని కూర్చుండబెట్టుకొని గుంతలో దిగినచో అడుగున ఠక్కుమని మోత వినవచ్చును. ఒక మెకానిక్కు చూచి, “షాకబ్జర్ పోయిందండీ, కొత్తదంటే చాలా అవుద్ది, పడిపోయిన బండిది ఒకటుంది, వేసేద్దాం” అనును. వేరొకడు, “దీన్నే విప్పి సీళ్ళు మార్చి, ఆయిలూ గ్యాసూ నింపిస్తే సరిపోతుందండీ” అనును. ఇరువురును తమ తమ అనుభవమునుబట్టి సత్యమునే చెప్పుచుండవచ్చును గాని, ఆ రెండు సత్యములలో ఏది మన బండికి వర్తించునో తేల్చుకొనుటకు ఆ గొట్టములో జరుగు వ్యాపారమును కొంత యెరుగవలయును. క్రొత్త షాకబ్జరు దొరకుటయు, దాని వెల మనకు భారము కాకపోవుటయు తటస్థించినచో ఈ వ్యాసమును చదువనక్కరయే లేదు.

షాకబ్జరు నిజమునకు రెండు వస్తువుల జోడు. పైకి చుట్టలు చుట్టలుగా కనబడు స్ప్రింగు మొదటిది. దాని గర్భమున నిలిచియుండు నూనెగొట్టము, అనగా డాంపరు, రెండవది. గుంతవలన గాని మిట్టవలన గాని కలిగిన తాకిడిని తనలో ఇముడ్చుకొనునది స్ప్రింగే. అట్లు ఇముడ్చుకొన్న శక్తి మరల బండిమీదికి విజృంభింపకుండ దానిని హరించుట డాంపరు పని. ఈ రెంటిలో ముసలితనము దేనికి వచ్చును, దేనికి రాదు అను వివేకమే మన నిర్ణయమునకు పునాది.

సాగుదల బలమునకు అనులోమముగా నుండునను సూత్రమును రాబర్ట్ హుక్ 1676లో అక్షరములు తారుమారు చేసి గూఢముగా ప్రకటించి, 1678లో విప్పి చెప్పినాడు. ఆ సూత్రపు హద్దులు దాటనంతవరకు మంచి ఉక్కుతో చేసిన స్ప్రింగు లక్షలమార్లు నలిగినను తన స్వభావమును మార్చుకొనదు; దాని బిగువునకు మూలమైన ఉక్కుయొక్క దృఢతా గుణకము కాలము గడచినంతమాత్రమున క్షీణించునది కాదు. “స్ప్రింగు మెత్తబడింది” అను మాట మనము తరచుగా వినుచుందుము. తుప్పు తిని విరిగినచో అది వేరు కథ. ఏండ్ల బరువున స్ప్రింగు పొడవు ఒకింత తగ్గియుండినను తగ్గియుండవచ్చును, దానిని బిగింపు రింగును కొంత త్రిప్పి సరిచేయవచ్చును. అంతియే గాని, బండి ఊగులాడుచున్నదన్న కారణమున స్ప్రింగును నిందించుట అపరాధిని విడిచి సాక్షిని శిక్షించుటయే యగును. ప్రసంగవశమున ఇంకొక మాట: ఆ రింగును ఎంత బిగించినను స్ప్రింగు గట్టిపడదు, బండి కొంత ఎత్తున నిలుచును, అంతే.

కొన్ని అంకెలు చూతము. హిమాలయన్ వెనుక చక్రము మీదికి క్రిందికి కదలగల దూరము 180 మిల్లీమీటర్లు. చోదకుడు కూర్చున్నప్పుడు వెనుక స్ప్రింగుమీద సుమారు 130 కిలోల భారము పడుననియు, చక్రమువద్ద లెక్కించినచో ప్రతి మిల్లీమీటరు నొక్కుటకు 20 న్యూటన్ల బలము కావలయుననియు ఉదాహరణకు అనుకొందము. అప్పుడు బండి తన భారముచేతనే 64 మిల్లీమీటర్లు, అనగా మొత్తము కదలికలో మూడవవంతునకు ఒకింత మించి, క్రిందికి దిగి నిలుచును. ఇట్లు మూడవవంతు దిగియుండుట యుక్తమని ఈ విద్య యెరిగినవారి మతము. ఒకసారి కదిలించి విడిచినచో సెకనుకు రెండు పర్యాయములు ఊగును. డాంపరే లేకున్నచో ఆ ఊపు చాలసేపు సాగును. ఊపన్నదే లేకుండ కుదుటపడుటకు చాలునంతటి నిరోధమును నూరు పాళ్ళనుకొన్నచో, ముప్పది పాళ్ళ నిరోధము గల డాంపరు పది సెంటీమీటర్ల ఊపును ఒక్క డోలనముతో సెంటీమీటరున్నరకు లోపలికి తెచ్చును. అదే డాంపరు ముసలిదై పది పాళ్ళకు దిగినచో, ఒక డోలనము తరువాత అయిదు సెంటీమీటర్లకు పైగాను, రెండింటి తరువాత సుమారు మూడుగాను ఊపు మిగిలి, మూడవది ముగియునప్పటికి గాని ఆ సెంటీమీటరున్నర స్థితి రాదు. స్పీడ్‌బ్రేకరు దాటిన పిమ్మట మన నడుము లెక్కపెట్టు ఆ రెండు మూడు ఊపులకు గణితము ఇదియే. ఊగుట కేవలము సుఖభంగము కాదు. ఊపు పైకి లేచినప్పుడెల్ల టైరు నేలమీద నొక్కు బలము తగ్గును. ఆ క్షణముననే బ్రేకు వేయవలసివచ్చినచో చక్రము జారును.

హరింపబడిన శక్తి యేమగుచున్నది? 1845లో జేమ్స్ జౌల్ అను ఆంగ్లేయ శాస్త్రజ్ఞుడు, క్రిందికి దిగు బరువులచేత నీటిలో కవ్వము వంటి రెక్కలచక్రమును త్రిప్పించి, నీరు వేడెక్కిన పరిమాణమును కొలిచి, యాంత్రికశక్తి ఉష్ణముగా మారుననియు ఆ మారకమునకు నిశ్చితమైన విలువ గలదనియు నిరూపించెను. డాంపరు జౌల్ ప్రయోగమునే రోడ్డుమీద పగలనక రాత్రియనక పునరావృత్తి చేయుచున్న యంత్రము. 130 కిలోల బరువు పది సెంటీమీటర్ల లోతు గుంతలో దిగినప్పుడు విడుదలయగు శక్తి సుమారు 127 జౌళ్ళు. డాంపరులో నూటయేబది మిల్లీలీటర్ల నూనె యున్నదనుకొన్నచో ఆ శక్తి యంతయు దానిలోనే నిలిచినయెడల నూనె అర డిగ్రీ వేడెక్కును. అర డిగ్రీయే గదా అని తోచును. కాని గతుకుల బాటలో అట్టి గుంతలు నూరు దాటుటకు ఎంతసేపు పట్టును? గాలి చల్లార్చకున్నచో అప్పటికి యేబది డిగ్రీలు! ఒంటి షాకబ్జరు ఇంజనునకును పొగగొట్టమునకును చేరువగా, గాలి సరిగా ఆడని చోట నుండుటయు, పల్నాటి రెంటచింతల వంటి చోట్ల వేసవిలో గాలియే 45 డిగ్రీలు దాటుటయు దీనికి తోడు. వేడెక్కిన నూనెకు స్నిగ్ధత తగ్గును. స్నిగ్ధత తగ్గిన నూనె రంధ్రములగుండ సులువుగా పారును. ఉదయము బిగువుగా నున్న బండి మధ్యాహ్నమునకు తూలుట కిదియే హేతువు.

ఇక ఆ నూనె పారు మార్గమును చూతము. కడ్డీ కొనను బిగించిన పిస్టనుకు రంధ్రములుండును. ఆ రంధ్రములను మూయుచు, మిల్లీమీటరులో పదవవంతు, ఏడవవంతు, అయిదవవంతు మందముగల గుండ్రని ఉక్కురేకులు ఒకదానిపై నొకటి పేర్చబడియుండును. వీటిని షిమ్ములందురు. కేవలము రంధ్రమే యున్నచో, వేగము రెట్టించినప్పుడు నిరోధము నాలుగింతలగును. అనగా చిన్న గతుకునకు చాలని నిరోధము, పెద్ద గతుకునకు దెబ్బవలె తగులును. షిమ్ములు ఒత్తిడికి వంగి దారి విడుచుటచే ఆ విపరీతము శమించును. ఎన్ని షిమ్ములు, ఎంతటి మందము, ఏ వరుసలో అను దానిని నిర్ణయించుటయే సస్పెన్షను రచయితల రహస్య విద్య. చక్రము పైకెక్కునప్పుడు ఒకటిగాను, స్ప్రింగు తిరిగి సాగునప్పుడు అంతకంటె ఎక్కువగాను నిరోధము కలుగునట్లు వారు కూర్చుదురు. ఇవి సామాన్యముగా చాలకాలము చెడవు.

చెడునవి మూడు: నూనె, రబ్బరు, వాయువు. కడ్డీ గొట్టములోనికి చొచ్చుకొని వచ్చినప్పుడు దాని పరిమాణము మేరకు చోటు కావలయును. నూనె అణగదు గనుక అణగెడి వాయువునకు గొట్టములో కొంత స్థలము నీయవలయును. ఆ వాయువు నూనెతో స్వేచ్ఛగా కలిసినచో నురుగు పుట్టును. నురుగు రంధ్రములలో నుండి పారినప్పుడు నిరోధము శూన్యప్రాయమగును. పీడనము పెరిగినకొలది వాయువు ద్రవములో ఎక్కువగా కరగుననియు, పీడనము తగ్గగనే బుడగలై వెలుపలికి వచ్చుననియు విలియమ్ హెన్రీ 1803లో చెప్పిన నియమము ఈ నురుగు కథకు మూలము. ఫ్రాన్సు దేశీయుడైన క్రిస్టియన్ బూర్సియే ద కార్బన్ అను శాస్త్రజ్ఞుడు ఒకే గొట్టములో నూనెను ఒకవైపును, గట్టిగా నొక్కిన వాయువును మరియొకవైపును ఉంచి, నడుమ తేలియాడు పిస్టనును అడ్డుపెట్టి చిక్కు విడదీసెను. 1953లో తన పేరనే సంస్థను స్థాపించెను. ఆ పద్ధతి డాంపర్లలో నింపు నైట్రోజను పీడనము సాధారణముగా పది మొదలు ఇరువది బార్ల వరకు నుండును. కారు టైరులో నుండునది రెండు బార్లకు కాస్త యెక్కువ మాత్రమే. నైట్రోజనే యేల యనగా, అందు తేమ లేదు, నూనెను కాల్చి పాడుచేయు ఆక్సిజను లేదు. పెట్రోలు బంకులోని గాలి నింపినను పని జరుగునని చెప్పువారి మాట వినదగదు.

రబ్బరు సంగతి ఇంకను ముఖ్యము. కడ్డీ లోపలికి వెలుపలికి కదలుచుండగా నూనెను ఆపవలసిన సీలు, సామాన్యముగా నైట్రైల్ రబ్బరుతో చేయబడును. వేడిమి, ఓజోను, కాలము ఈ మూడును దానిని గట్టిపరచును. ఉష్ణోగ్రత పది డిగ్రీలు పెరిగినచో రసాయనిక చర్య వేగము సుమారు రెట్టింపగునని రసాయనవేత్తల స్థూలమైన లెక్క. అనగా సీలు వయస్సును కిలోమీటర్లు మాత్రమే నిర్ణయింపవు. షెడ్డులో ఎండకు కాగుచు కదలక పడియున్న బండి సీలుకు సైతము ముసలితనము వచ్చును. పైగా కదలక యున్న బండిలో కడ్డీమీద నూనెపొర ఆరి, వర్షాకాలపు తేమకు క్రోమియము పూత క్రింద తుప్పు మొలచును. ఆ తుప్పు చుక్క తరువాత కదలికలో సీలు అంచును చీల్చును.

ఇప్పుడు పాత సామాను అంగడిలోని షాకబ్జరును తలచుకొందము. చెన్నపట్టణపు పుదుపేటలో గాని, మరియే తుక్కు దుకాణములో గాని దొరకు హిమాలయన్ షాకబ్జరు మన బండిది పుట్టిన నాటికి కొంచెము అటునిటుగా పుట్టినదే. దాని సీలు మన సీలునకు సమవయస్కము. దాని నూనె మన నూనె త్రాగిన వేడినే త్రాగినది. మీటరులో ఇరువదివేల కిలోమీటర్లే యున్నవని అమ్మువాడు చెప్పినను, మీటరు షాకబ్జరుతో పాటు చేతికి వచ్చునది కాదు. అది కారుటలేదన్న మాట నేడు కారుటలేదనుటయే. మనము రొక్కమిచ్చి కొనుచున్నది షాకబ్జరును కాదు, దానిలో మిగిలిన ఆయుర్దాయమును. ఆ ఆయుర్దాయమెంతయో గొట్టము విప్పనిదే బ్రహ్మకైనను తెలియదు. విప్పుటయే జరిగినచో, సీళ్ళును నూనెయు వాయువును మార్పించుటయే జరిగినచో, ఆ ఖర్చును మన సొంత షాకబ్జరుమీదనే పెట్టరాదా? పాతదాని వెలను కొత్తదాని వెలతో గాక, పాతదాని వెలకు బాగుసేత ఖర్చును గూడ కలిపి అటుపిమ్మట పోల్చవలయుననుట నా మతము. పెక్కు సందర్భములలో ఈ కూడిక వేసినంతనే వివాదము తీరిపోవును.

అదే నమూనాది కాక వేరు బండి షాకబ్జరును, “కొలత దాదాపు సరిపోతుంది” అని తగిలించు సాహసికులును గలరు. ఒంటి షాకబ్జరు విషయమున ఆ “దాదాపు” అను మాట మిక్కిలి ప్రమాదకరము. దానికి కారణము లంకెలే. బెల్జియము దేశపు లూసియెన్ టిల్కెన్స్ అను ఇంజనీరు కల్పించిన ఒంటి షాకబ్జరును యమహా సంస్థ స్వీకరించి పందెపు బండ్లకు పెట్టగా, 1973లో హకాన్ ఆండర్సన్ దానితోనే 250 సీసీ మోటోక్రాసు ప్రపంచ విజేత యయ్యెను. అటుపిమ్మట హోండా, కవాసాకి, సుజుకి సంస్థలు చక్రమునకును షాకబ్జరునకును నడుమ లంకెలను చేర్చినవి. ఈ లంకెలవలన చక్రము మూడు మిల్లీమీటర్లు కదలినప్పుడు షాకబ్జరు ఒక్క మిల్లీమీటరే కదలుననుకొనుడు. నిష్పత్తి మూడు, కాని చక్రమువద్ద స్ప్రింగు బిగువు దానికి వర్గము మేరకు, అనగా తొమ్మిదవవంతుగా కనబడును. మనము ముందు చెప్పుకొన్న 20 న్యూటన్లు చక్రమువద్ద రావలయునన్నచో షాకబ్జరుమీది స్ప్రింగు 180 న్యూటన్లది కావలయును. నిష్పత్తి రెండున్నర గల బండినుండి తీసిన షాకబ్జరు, ఆ బండిలో ఎంత చక్కగా పనిచేసినను, మన బండికి మెత్తనిదై కూలబడును.

స్ప్రింగు తీగ మందము ఇంకొక వంచకి. బిగువు తీగ మందముయొక్క నాలుగవ ఘాతముతో పెరుగును. అనగా తీగ పదిశాతము లావైనచో స్ప్రింగు నలుబదియారు శాతము గట్టిపడును. కంటికి ఆ పదిశాతము పట్టనే పట్టదు. మన ఉదాహరణములో 64 మిల్లీమీటర్లు దిగవలసిన బండి అట్టి స్ప్రింగుతో 44 వద్దనే నిలిచిపోయి, గతుకు గతుకునకు చోదకుని ఎగరవేయును. పొడవుమాట సరేసరి. రెండు కన్నుల నడుమ పొడవు అయిదు మిల్లీమీటర్లు ఎక్కువైనచో, నిష్పత్తి మూడు గనుక, బండి వెనుకభాగము పదునైదు మిల్లీమీటర్లు లేచును. 1465 మిల్లీమీటర్ల చక్రాంతరము గల హిమాలయన్ అర డిగ్రీకి పైగా ముందుకు వ్రాలి, ముందు ఫోర్కు ఆ మేరకు నిటారగును. వంపులలో బండి స్వభావము మారుటకు అంతకంటె అక్కరలేదు. బోల్టు మందము, కన్ను వెడల్పు, ప్రక్కన డబ్బా యున్నచో అది పొగగొట్టమునకు తగులునా లేదా, చక్రము పూర్తిగా పైకెక్కినప్పుడు మడ్‌గార్డును తాకునా అనునవి లేత్ మేస్త్రీ చేతిపనితో తీరు చిక్కులు. పై మూడును తీరునవి కావు.

అయినను పాత షాకబ్జరన్నంతనే త్రోసిపుచ్చుట న్యాయము గాదు. బండి కొన్న కొద్దినాళ్ళకే ఖరీదైన పరదేశీయ షాకబ్జరును బిగించుకొని, కంపెనీవారు ఇచ్చినదానిని అటకమీద పడవేయు యువకులు ప్రతి పట్టణమునను కొందరుందురు. కొద్ది వేల కిలోమీటర్లు మాత్రము తిరిగి, చీకటిలో పొడిగా భద్రపడిన అట్టిది, అదే నమూనా, అదే కాలపు తయారీది దొరికినచో మారుమాటాడక కొనవలసినదే. అంతే గాని ప్రమాదములో పడిన బండినుండి ఊడదీసినది వేరు. బండి నలిగినప్పుడు కడ్డీ వంగినదో లేదో కంటితో చెప్పుట కష్టము.

కొనబోవువారు కొన్ని పరీక్షలు చేయవచ్చును. కడ్డీని శుభ్రముగా తుడిచి వేలిగోటితో నెమ్మదిగా రాయుడు. గోరు ఎక్కడనైన తట్టినచో ఆ కడ్డీమీద ఏ కొత్త సీలును ఎక్కువకాలము నిలువదు. ఒకే గొట్టపు డాంపరు అయినచో గొట్టముమీద చిన్న నొక్కునైనను సహింపరాదు, ఏలయన పిస్టను ఆ గోడనే ఒరసుకొని కదలును. స్ప్రింగు తీసి చూచుటకు వీలైనచో, కడ్డీని లోనికి నెట్టి విడువుడు: వాయువు నింపిన డాంపరు కడ్డీ తనంత తాను నెమ్మదిగా, ఒకే తీరున వెలుపలికి రావలయును, నడుమ ఎక్కడనైన ఒక్కసారిగా జారినట్లు తోచినచో లోపల గాలి చేరినదన్నమాట. స్ప్రింగుమీద అచ్చువేసిన సంఖ్యను మన దానితో పోల్చుడు. దుకాణములో బండిమీద కూర్చుండి రెండుసార్లు నొక్కిచూచి “బాగానే ఉంది” అనుకొనుట మాత్రము పరీక్ష కాదు. ఆ మెల్లని కదలికలో గట్టిపడిన సీలు రాపిడియే డాంపింగువలె భ్రమింపజేయును.

సొంతదానిని బాగుచేయించుటకు మొదటి ప్రశ్న: అది విప్పుటకు వీలైనదేనా? కొన్నింటి తల లోపలి రింగుతో గాని మరలతో గాని బిగింపబడియుండును. వాటిని నేర్పరి సుఖముగా విప్పును. చౌకగా తయారగు పెక్కింటి గొట్టపు అంచును కర్మాగారములోనే లోపలికి మడిచివేయుదురు. వాటిని లేత్‌మీద కోసి, మరలు చెక్కి, వాయువు నింపుటకు వాల్వు నొకటి అమర్చినగాని రెండవసారి మూయవీలుండదు. ఆ పని తెలిసినవారు మన పెద్ద పట్టణములలో ఉన్నారు గాని, తెలిసినట్లు నటించువారు అంతకంటె ఎక్కువ మంది. వారిని పరీక్షించుటకు రెండు ప్రశ్నలు చాలును: నైట్రోజను ఎంత పీడనముతో నింపుదురు, ఏ నూనె పోయుదురు. మొదటిదానికి అంకె చెప్పలేనివానికి మీ షాకబ్జరును అప్పగింపవలదు. రెండవదానికి “ఫోర్కు ఆయిలేనండీ, పది నంబరు” అను జవాబు వచ్చినను జాగ్రత్తపడవలయును. డబ్బాలమీది ఆ నంబర్లు ఒక తయారీదారునికిని మరియొకనికిని పొంతన లేనివి. నలుబది డిగ్రీలవద్ద సెంటీస్టోకులలో చెప్పిన స్నిగ్ధతయే నమ్మదగిన కొలత.

మంచి మేస్త్రీ పని యిట్లు సాగును. ముందుగా వాయువును పూర్తిగా విడిచివేయును. పది బార్ల వాయువును లోపలనే యుంచి తల విప్పినచో అది తుపాకిగుండువలె వచ్చును గనుక, ఈ పనిని ఇంటివద్ద స్క్రూడ్రైవరుతో ప్రయత్నింపవలదని పాఠకులను మరీ మరీ కోరుచున్నాను. స్ప్రింగు విప్పుటయు అట్టిదే. తరువాత నూనెను తెల్లని పళ్ళెములో పోసి చూచును. బూడిదవన్నెగా, మెరపులతో నున్నచో లోపలి బుష్‌గాని పిస్టను పట్టీగాని అరిగినదని గ్రహించును. షిమ్ములను వరుస తప్పకుండ తీగకు గ్రుచ్చి ప్రక్కన పెట్టును. ఆ వరుసయే కర్మాగారపువారి రచన, దానిని తారుమారు చేసినచో బండి వేరొకటియగును. సీలును, దుమ్మును తుడుచు పై పెదవిని, బుష్‌ను, ఓ-రింగులను మార్చి, కడ్డీ పూతను పరీక్షించును. వెంట్రుక మందమునకన్న పలుచనైన ఆ క్రోమియము పూత చెడియున్నచో దానిని తీసి, తిరిగి పూతపోయించి, కొలతకు సాన పట్టింపవలయును. ఖర్చు పెరుగునది ఇక్కడనే. కొత్త నూనె పోసి, కడ్డీని మెల్లగా ఆడించుచు చివరి బుడగ పోవువరకు ఓపికపట్టి, తేలియాడు పిస్టనును లెక్కకు వచ్చు లోతున నిలిపి, పిమ్మట నైట్రోజనును నింపును. ఈ ఓపిక లేనివాడు చేసిన పనికిని చేయనిదానికిని భేదము నెలరోజులలో తెలియును.

ఇంతకుముందే చెప్పవలసినది ఒకటి యున్నది. షాకబ్జరును విప్పకముందు లంకెల బేరింగులను, వెనుక చేతిగుంజ (స్వింగార్మ్) బుషులను చూపించుడు. వర్షపు నీరు చేరి గ్రీజు ఎండిన లంకెలు షాకబ్జరు రోగలక్షణములనే పెక్కింటిని అనుకరించును. వాటిని కడిగి గ్రీజు పెట్టినంతనే సగము ఫిర్యాదు పోయిన బండ్లు గలవు. రెండు షాకబ్జర్లు గల పాతపద్ధతి బండ్లకు ఈ బాధ లేదు. వాటికి ఒకటి చెడినను జోడుగానే మార్చవలయునను నియమము చాలును.

నా తీర్పు ఇది. కడ్డీ పూత చెడక, గొట్టము నొక్కుపడక, విప్పుటకు వీలుండి, పని యెరిగిన మేస్త్రీ చేరువలో నున్నచో సొంతదానినే బాగుచేయించుడు. దాని పొడవు, స్ప్రింగు, షిమ్ముల వరుస మన బండి లంకెలకు సరిపడునవని ఇన్నేండ్ల అనుభవముచేతనే రుజువైనది. కడ్డీ తుప్పుపట్టి తిరిగి పూతపోయించవలసినంత చెడినచోను, గొట్టము మడిచివేసినదై కోయనిదే తెరవరానిదైనచోను, అదే నమూనాకు చెందిన, కొద్దిగా వాడి తీసిన షాకబ్జరు దొరకునేమో వెదకుడు. దొరకినచో సీళ్ళ ఖర్చును వెలలో ముందే లెక్కవేసికొని బేరమాడుడు. వేరు బండిదానిని తగిలించుట కొలతలు తీసి లెక్కలు వేయగల ఓపిక గలవారికి వినోదము. రోజూ ఉద్యోగమునకు పోవలసినవారికి అది తగదు. ఏ దారి త్రొక్కినను, నూనె కారుచున్న షాకబ్జరుతో మాత్రము బండి నడుపుట మానుడు: ఆ నూనె జారునది వెనుక టైరుమీదికిని, బ్రేకు డిస్కుమీదికిని.